ఆట ఆటగా మిగలనప్పుడు



ఆటలు అనగానే ముఖం చిట్లించే పెద్దలు మన సంఘాలలో కొందరున్నారు. ఆటలన్నీ లోకసంబంధమైనవే అని వారి అభిప్రాయము. పరిశుద్ధ గ్రంథము అలా చెప్పడం లేదు. జెకర్యా ప్రవచనము 8వ అధ్యాయము 4, 5 వచనాలు తీసి చూడండి. పాడైపోయిన యెరూషలేము తిరిగి బాగుపడుతుందని దేవుడు వాగ్దానము చేస్తూ, దానికి గురుతుగా రెండు దృశ్యాలు చూపించాడు. చేతికర్ర పట్టుకొని వీధిలో కూర్చున్న వృద్ధులు ఒకటి. అదే వీధిలో ఆడుకుంటున్న మగపిల్లలు, ఆడపిల్లలు రెండవది. ఆ రెండు వచనాలలో కోటగోడల మాట లేదు, సైన్యము మాట లేదు. పిల్లలు నిర్భయముగా ఆడుకోవడమే దేవుని దృష్టిలో పట్టణము బాగుపడిందనడానికి సాక్ష్యము.

కాబట్టి మేము ఆటకు వ్యతిరేకముగా వ్రాయడం లేదు. ఆటను పోగొట్టుకున్న పిల్లల గురించి వ్రాస్తున్నాము. పగలూ రాత్రీ సెల్‌ఫోనులో ఆడుతూనే ఉన్న పిల్లవాడు ఆటను పోగొట్టుకోవడమేమిటని మీకు అనిపించవచ్చు. ఆ సంగతే చెప్పాలని మా భారము.

కాపరి కుటుంబముగా మేము ఇళ్లు దర్శించినప్పుడు, ప్రార్థనకు ముందు "మనవులేమైనా ఉన్నాయా?" అని అడగడము అలవాటు. ఒకప్పుడు వినబడే మనవులు మాకు కంఠతా వచ్చు. భర్త తాగుడు మానాలి, కుమార్తెకు సంబంధము కుదరాలి, కుమారునికి ఉద్యోగము రావాలి, మోకాళ్ల నొప్పులు తగ్గాలి. ఈ కొన్నేళ్లుగా వాటి పక్కన ఇంకొకటి చేరింది. తల్లి గొంతు తగ్గించి, లోపలి గది తలుపు వైపు చూస్తూ చెబుతుంది: "మావాడు ఫోనులో ఆట వదలడం లేదు అయ్యగారూ. అన్నం కూడా అక్కడికే తీసుకెళ్లాలి. ఏమన్నా అంటే మీదికొస్తున్నాడు."

అటువంటి ఒక ఇంటి సంగతి చెబుతాము. ఆ తల్లిదండ్రులు, ఆ అబ్బాయి ముగ్గురూ సరేనన్న తరువాతే వ్రాస్తున్నాము. పేర్లు అవసరము లేదు.

తండ్రి రైసు మిల్లులో గుమాస్తా. తల్లి ఇంటి దగ్గరే మిషను కుడుతుంది. ఒక్కడే కొడుకు. 2020లో కరోనా వచ్చి బడులు మూతపడినప్పుడు వాడు తొమ్మిదో తరగతి. పాఠాలు ఫోనులో చెబుతారంటే తండ్రి అప్పు చేసి ఫోను కొన్నాడు. ఉదయం పాఠము, పాఠము అయ్యాక ఆట. బడులు తెరిచిన తరువాత పాఠము ఫోనులోనుండి వెళ్లిపోయింది, ఆట ఉండిపోయింది.

వాడు మా సండే స్కూలులో పెరిగిన పిల్లవాడు. పన్నెండేళ్లకే ఆరాధనలో డోలక్ వాయించేవాడు. ఇంటర్మీడియట్‌కు వచ్చేసరికి తండ్రి వాడిని దూరాన హాస్టలున్న కాలేజీలో ఎం.పి.సి.లో చేర్చాడు. మేనమామ కొడుకు ఇంజనీరింగులో సీటు తెచ్చుకున్నాడు గనుక వీడూ తేవాలి. లెక్కలు వాడికి కొరుకుడు పడలేదు. మూడు నెలలకు జ్వరమని ఇంటికి వచ్చినవాడు తిరిగి వెళ్లనన్నాడు. ఊళ్లోని కాలేజీకి మార్చినా హాజరు పట్టీలో పేరు తప్ప మనిషి లేడు. 2023 వేసవిలో మొదటి సంవత్సరము ఫలితాలు వచ్చినప్పుడు మూడు సబ్జెక్టులు పోయాయి. అప్పటికే మందిరములో డోలక్ మీద గుడ్డ కప్పి చాలా నెలలైంది.

ఇది సోమరితనమని ఒకరు, తిరుగుబాటని ఒకరు, దురాత్మ పని అని ఇంకొకరు అన్నారు. వైద్యులు మాత్రము దీనిని జబ్బుల పట్టికలోకి ఎక్కించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సభ్యదేశాలు 2019 మే నెలలో ఆమోదించిన వ్యాధుల వర్గీకరణ పదకొండవ కూర్పులో "గేమింగ్ డిజార్డర్" అనే పేరు చేరింది. ఆ కూర్పు 2022 జనవరి 1 నుండి అమలులోకి వచ్చింది. దానికి మూడు గుర్తులు చెప్పారు. ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎంతసేపు ఆడాలి, ఎప్పుడు ఆపాలి అన్నది ఆడేవాని చేతిలో లేకుండా పోవడము మొదటిది. చదువు, భోజనము, మనుషులు అన్నిటికంటె ఆటే ముందుకు రావడము రెండవది. నష్టము కళ్లకు కనబడుతున్నా మానలేకపోవడము, ఇంకా పెంచడము మూడవది. ఇవి సాధారణముగా పన్నెండు నెలలపాటు ఉండి, చదువో పనో కుటుంబమో గట్టిగా దెబ్బతిన్నప్పుడే దానిని జబ్బు అంటారు. ఆడేవారిలో ఈ స్థితికి చేరేది కొద్దిమందేనని కూడా ఆ సంస్థ చెప్పింది. కనుక పిల్లవాడు సాయంత్రము అరగంట ఆడాడని హడలిపోనవసరము లేదు. అలాగని ఈ మూడూ కనబడుతుంటే "వయసు అలాంటిది, అదే పోతుందిలే" అని ఊరుకోనూ కూడదు.

ఆ ఆట అంత గట్టిగా ఎందుకు పట్టుకుంటుందో తల్లిదండ్రులు కొంచెము తెలుసుకోవాలి. మన చిన్ననాటి ఆటలకు ముగింపు ఉండేది. పొద్దుగుంకితే కోతికొమ్మచ్చి ఆగిపోయేది. అమ్మ పిలిస్తే గోళీలు జేబులో వేసుకొని పరుగెత్తేవాళ్లము. ఫోనులోని ఆటకు చీకటి పడదు. ఒకటి అయిపోగానే ఇంకొకటి సిద్ధముగా ఉంటుంది. కొన్ని తుపాకుల ఆటలలో నూరుమంది ఒక దీవిలో దిగుతారు. చివరికి మిగిలిన ఒక్కడో, ఒక్క జట్టో గెలుస్తుంది. నలుగురేసి జట్టుగా ఆడినా 96 మంది ఓడిపోవలసిందే. ఓడినవాడు "కొంచెంలో పోయింది, ఇంకొక్కటి" అంటాడు.

గెలుపు ఎప్పుడొస్తుందో తెలియకపోవడమే ఇందులోని గాలము. అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు బి.ఎఫ్. స్కిన్నర్ పావురాలతో చేసిన పరిశోధనలు ప్రసిద్ధమైనవి. మీట పొడిచిన ప్రతిసారీ గింజ పడుతుంటే, గింజ ఆగిపోయినప్పుడు పావురము త్వరలోనే మానుకుంటుంది. ఎప్పుడు పడుతుందో తెలియని విధముగా గింజ పడితే మాత్రము అది ఆగకుండా పొడుస్తూనే ఉంటుంది. ఫోనులోని ఆటలో రోజూ వచ్చి తెరిస్తే ఇచ్చే బహుమానము, లోపల ఏముందో తెలియని పెట్టె, ఇన్నాళ్లలో అయిపోతుందనే గడువు, అన్నీ ఆ గింజ వంటివే. ఈ గాలము ముందు ఒక పదిహేనేళ్ల పిల్లవాడిని ఒంటరిగా కూర్చోబెట్టి, "నీకు బుద్ధి లేదు" అనడము న్యాయము కాదు.

అయితే వాడిని పట్టి ఉంచినది గింజ ఒక్కటే కాదని వాడి నోటనే విన్నాము. "అక్కడ నన్ను అన్నా అని పిలుస్తారు అయ్యగారూ. నేను రాకపోతే వాళ్లు ఆట మొదలుపెట్టరు" అన్నాడు. ఇంట్లో ఆ రోజులలో వాడికున్న పేరు "ఎందుకూ పనికిరానోడు". ఎక్కడ తనకు పేరుందో మనిషి అక్కడికే వెళ్తాడు.

"అంత సంతోషముగా ఉంటుందా, ఆడితే?" అని అడిగాము. చాలాసేపు ఆలోచించాడు. "మొదట్లో ఉండేది. ఇప్పుడు లేదు. ఆడకపోతే లోపల ఏదోలా ఉంటుంది. అందుకని ఆడుతున్నాను."

ప్రియులారా, ఈ ఒక్క మాట మీరు జ్ఞాపకముంచుకోవాలని మా మనవి. పిల్లవాడు సుఖము అనుభవిస్తున్నాడు, మనము కష్టపడుతున్నాము అని తల్లిదండ్రులు అనుకుంటారు. వాడు సుఖము అనుభవించడం లేదు. తాగుడుకు బానిసైనవాడు చివరికి రుచి కోసము తాగడు, చేతి వణుకు ఆగడానికి తాగుతాడు. ఇదీ అంతే. సంతోషము కోసము మొదలైన ఆట సంతోషాన్నే తినివేసింది. ఆట పేరుతో మిగిలినది వెట్టిచాకిరి. అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 6వ అధ్యాయము 12వ వచనములో అడిగేది ఈ సంగతే. ఒక పని చేయడానికి నాకు స్వేచ్ఛ ఉందా అన్న దగ్గర ఆయన ఆగలేదు. అది నా మీద యజమాని అవుతోందా అని చూసుకున్నాడు.

ఆ ఇంట్లో ఏమి పోయిందో ఒక్కొక్కటిగా చెబుతాము. మొదట నిద్ర పోయింది. తెల్లవారుజామున మూడింటికి పడుకోవడము, పన్నెండింటికి లేవడము. నిద్రతోపాటు ఆకలి, కళ్లలో కాంతి పోయాయి. తరువాత రుచి పోయింది. పెద్ద రసాలంటే ప్రాణము పెట్టేవాడు, ఆ వేసవిలో తల్లి కోసి పెట్టిన పళ్లు పళ్లెములోనే నల్లబడ్డాయి. పిన్ని కూతురి పెండ్లికి వెళ్లి, విందు అయ్యేవరకు బయట ఆటోలోనే కూర్చున్నాడు. తరువాత సత్యము పోయింది. ఆటలో తుపాకికి రంగులు కొనడానికి తల్లి ఖాతాలోనుండి కొంచెము కొంచెముగా 6,400 రూపాయలు వాడుకున్నాడు. అవి ఆమె చీటీ కోసము కుట్టి కూడబెట్టినవి. దొరికినప్పుడు అరిచాడు. అరిచిన తరువాత సిగ్గుపడ్డాడు. ఆ సిగ్గు మరచిపోవడానికి మళ్లీ ఆటలోకే వెళ్లాడు. కోపము, సిగ్గు, ఆట, మళ్లీ కోపము. ఈ గుండ్రములో తిరిగే పిల్లవాడికి బయటకు దారి కనబడదు. తల్లి నోరు తెరిచి నవ్వడము మానేసింది. తండ్రి మిల్లునుండి ఇంటికి రావడానికే వెనుకాడేవాడు.

ఒక రాత్రి తండ్రి ఓర్పు తెగిపోయి ఫోను లాక్కొని చాకిరేవు బండ మీద కొట్టినట్టు అరుగు మీద కొట్టాడు. కొడుకు తండ్రి మీదికి వచ్చాడు, అడ్డము వచ్చిన తల్లి పడిపోయింది. వాడు గదిలోకి పోయి గడియ పెట్టుకున్నాడు. రెండు రోజులు అన్నము ముట్టలేదు. మూడవ రాత్రి ఆ తల్లి మాకు ఫోను చేసి, "లోపలినుండి 'నేను లేకపోతే మీ అందరికీ హాయి' అంటున్నాడు అమ్మగారూ" అని ఏడ్చింది.

మేము వెళ్లి తలుపు పక్కన చాప వేసుకొని కూర్చున్నాము. తినమని అనలేదు, తలుపు తీయమని అనలేదు, వాక్యము చెప్పలేదు. "ఇక్కడే ఉన్నాము నాన్నా" అని అప్పుడప్పుడు అన్నాము. ఒంటిగంట దాటిన తరువాత గడియ తీసిన చప్పుడైంది. వాడు గుమ్మములోనే కూర్చుండిపోయాడు. తల్లి మజ్జిగన్నము కలిపి తెచ్చింది. తిన్నాడు.

ఇటువంటి మాట మీ బిడ్డ నోట వస్తే బెదిరింపు అని కొట్టివేయకండి. ఒంటరిగా వదలకండి. అర్ధరాత్రియైనా సరే 14416 నంబరుకు ఫోను చేయండి. కేంద్ర ప్రభుత్వము 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ మానస్ సేవ అది. డబ్బు తీసుకోరు.

మరుసటి వారము ఆ కుటుంబముతో కలిసి జిల్లా కేంద్రములోని ప్రభుత్వ ఆసుపత్రికి, మానసిక వైద్యుని దగ్గరకు వెళ్లాము. "ప్రార్థన చాలదా, అయ్యగారే ఆసుపత్రికి తీసుకెళ్తారా?" అని కొందరు విశ్వాసులు బాధపడ్డారు. పౌలుకు ప్రియుడైన లూకా వైద్యుడే కదా. ఏలీయా సంగతి కూడా చూడండి. మొదటి రాజుల గ్రంథము 19వ అధ్యాయములో ఆ ప్రవక్త బదరీవృక్షము క్రింద కూర్చుండి ఇక బ్రదకలేనన్నాడు. దేవదూత వచ్చి గద్దించలేదు. రొట్టె పెట్టాడు, నీళ్లిచ్చాడు, నిద్రపోనిచ్చాడు, మళ్లీ లేపి తినిపించాడు. హోరేబులో దేవుడు మాట్లాడినది ఆ తరువాతే. అలసిన ప్రాణానికి బోధకంటె ముందు నిద్ర, అన్నము అవసరమని దేవునికి తెలుసు.

వైద్యుడు చెప్పినదీ అదే వరుసలో ఉంది. ముందు నిద్ర సరి చేద్దామన్నారు. ఆటకంటె ముందే ఆ అబ్బాయిలో చదువు భయము, దిగులు ఉన్నాయనీ, వాటినుండి తప్పించుకోవడానికే ఆటలోకి వెళ్లాడనీ, ఇప్పుడు ఆట ఆ దిగులును ఇంకా పెంచుతోందనీ చెప్పారు. దిగులుకు కొన్ని నెలలు మందు ఇచ్చారు. వారము వారము మాట్లాడడానికి ఒక కౌన్సెలరును కుదిర్చారు. ఆటను ఒక్కసారిగా కోసివేయవద్దు, గంట చొప్పున తగ్గించుకుంటూ రావాలన్నారు. పాత ఫోను ఒకటి బాగుచేయించారు. దానిని ముందు గదిలోనే వాడాలి. రాత్రి తొమ్మిదింటికి ఇంట్లో ముగ్గురి ఫోన్లూ బీరువా మీదికి చేరాలి. కొడుకుది ఒక్కటే కాదు, ముగ్గురివీ.

తండ్రికి మాత్రము వైద్యుడు ఒకటే మందు వ్రాశారు. రోజుకు అరగంట కొడుకు పక్కన కూర్చోవాలి, మార్కుల మాట ఎత్తకూడదు. "మరి ఏం మాట్లాడాలి?" అని ఆయన నిజముగానే అడిగాడు. "అతని ఆట గురించే అడగండి" అన్నారు.

ఆ గుమాస్తాగారు కళ్లజోడు పెట్టుకొని చాప మీద కూర్చొని, "ఈ పచ్చ గీత ఏంట్రా?" అని అడగడము మేము చూశాము. కొడుకు ఫోను ఆయన చేతికిచ్చాడు. ఒక నిమిషములోనే తండ్రి ఆటలో చచ్చిపోయాడు. "మా నాన్న కళ్లు మూసుకొని కాలుస్తాడు అయ్యగారూ" అని వాడు నవ్వాడు. ఆ ఇంట్లో నవ్వు వినబడి అప్పటికి ఎన్నాళ్లయిందో! కొలొస్సయులకు వ్రాసిన పత్రిక 3వ అధ్యాయము 21వ వచనము తండ్రులకు ఇచ్చిన హెచ్చరిక. పిల్లలకు కోపము పుట్టిస్తే వారి మనసు క్రుంగిపోతుందన్న సంగతి అందులో ఉంది. ఆ వచనము మీద మేము ఎన్ని ప్రసంగాలు చేసినా, ఆ చాప మీద అరగంట చేసిన పని అవి చేయలేవు.

తగ్గించడముతో పని పూర్తి కాదు. ఊడ్చి అమర్చిన ఇల్లు ఖాళీగా ఉంటే వెళ్లిపోయిన అపవిత్రాత్మ మరి ఏడింటిని వెంటబెట్టుకొని వస్తుందని మన ప్రభువు మత్తయి 12వ అధ్యాయములో హెచ్చరించాడు. ఆట ఖాళీ చేసిన చోటును దేనితో నింపాలి? మందిరము ఆవరణలో శనివారము సాయంత్రము షటిల్ ఆడేందుకు వల కట్టాము. యౌవనస్థులు ఆడుతుంటే వృద్ధులు కుర్చీలు వేసుకొని కూర్చుంటున్నారు. సండే స్కూలు పిల్లలు నలుగురికి డోలక్ నేర్పమని ఆ అబ్బాయిని అడిగాము. "నాకే మరచిపోయింది" అన్నాడు. మొదటి ఆదివారము తాళము తప్పింది కూడా. రెండు నెలలకు ఆ నలుగురు పిల్లలు మందిరము మెట్ల మీద కూర్చొని, "అన్న రాలేదు, మొదలుపెట్టం" అనడము మా చెవులతో విన్నాము.

అంతా ఒక్క ప్రార్థనతో తీరిపోయిందని చెబితే అబద్ధమవుతుంది. ఆ సంవత్సరము క్రిస్మసుకు ముందు మూడు రాత్రులు మళ్లీ తెల్లవార్లూ ఆడాడు. ఈసారి ఎవరూ కొట్టలేదు, వాడూ దాచలేదు. కౌన్సెలరు దగ్గరకు తానే వెళ్లి చెప్పుకున్నాడు. ఇంటర్మీడియట్ సప్లిమెంటరీలో గట్టెక్కి, 2024లో తన ఇష్టప్రకారము ఐ.టి.ఐ.లో ఎలక్ట్రీషియను కోర్సులో చేరాడు. ఇంజనీరు కావాలన్న తండ్రి కోరిక తీరలేదు. కొడుకు మాత్రము దక్కాడు.

చట్టాలు ఉన్నాయి కదా అని కొందరంటారు. 2020 సెప్టెంబరు 2న కేంద్ర ప్రభుత్వము పబ్జీ మొబైల్‌తో కలిపి 118 యాప్‌లను నిషేధించింది. అయితే అది దేశ భద్రత కారణముగా చేసినది. పందెము డబ్బుతో ఆడే ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ అటువంటి చట్టము చేసింది. ఆన్‌లైన్ రమ్మీలో ఇల్లు గుల్ల చేసుకున్న కుటుంబాలకు అది మేలే. అయినా డబ్బు లేకుండా ఆడే ఆటకు ఆ చట్టము అడ్డము రాదు. పిల్లవాని గదిలోకి పార్లమెంటు రాలేదు, తల్లిదండ్రులే వెళ్లాలి.

తల్లిదండ్రులారా, మీ బిడ్డ ఏమి ఆడుతున్నాడో అడిగి తెలుసుకోండి. ఎవరితో ఆడుతున్నాడో తెలుసుకోండి. నిద్ర, భోజనము, స్నేహాలు, ఇష్టాలు ఒక్కొక్కటిగా జారిపోతుంటే త్వరపడండి. ఫోను పగలగొట్టడము సులువు. పక్కన కూర్చోవడమే కష్టము. ఇరుగుపొరుగు ఏమనుకుంటారోనని వైద్యుని దగ్గరకు వెళ్లడము ఆపకండి. బెంగళూరులోని నిమ్‌హాన్స్ సంస్థలో 2014 నుండి ఇటువంటి వారి కోసమే ప్రత్యేక క్లినిక్కు నడుస్తోంది. ఇలా బాధపడేది మీ ఇల్లొక్కటే కాదు.

యౌవనస్థులారా, మీలో ఎవరైనా ఈ మాటలు చదివి "ఇది నా సంగతే" అనుకుంటే, ఒక్క ప్రశ్న వేసుకోండి. "ఇప్పుడు ఆడేటప్పుడు నాకు సంతోషముగా ఉందా?" లేదు అన్న జవాబు వస్తే సిగ్గుపడకండి. అమ్మకో, కాపరికో, ఉపాధ్యాయునికో ఈ రాత్రే చెప్పండి. మీరు పనికిరానివారు కారు. మిమ్మల్ని పేరు పెట్టి పిలిచే దేవుడున్నాడు. మీ కోసము ఎదురుచూసేవారు మీ ఇంట్లో, మీ మందిరములో కూడా ఉన్నారు.

బంధింపబడినవారికి విడుదల నిచ్చే ప్రభువు మన పిల్లలకు ఆటలోని సంతోషాన్ని, నిద్రలోని నెమ్మదిని తిరిగి దయచేయును గాక. ఆమేన్.